నాన్న పాత ల్యాప్‌టాప్‌కి ఏ బ్రౌజర్ వేయాలి? తెలుగు స్పష్టంగా కనపడాలి, యాడ్స్ గోల తగ్గాలి

తంగేడుపూలు · శుక్రవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మా నాన్నగారు రిటైరైన తెలుగు పండితులు, మిర్యాలగూడలో ఉంటారు. నేను బెంగళూరులో. ఆయన దగ్గరున్నది తొమ్మిదేళ్ల నాటి ల్యాప్‌టాప్. 4 జీబీ ర్యామ్, విండోస్ 10. పొద్దున కాఫీ అయ్యాక రెండు మూడు పేపర్లు, మధ్యాహ్నం తెలుగు వికీపీడియా, పాత పుస్తకాల పీడీఎఫ్‌లు, నెలకోసారి పెన్షన్ సైటు. ఇంతే ఆయన వాడకం.

బాధలు మూడు. మొదటిది అక్షరాలు. నిన్న వీడియో కాల్‌లో "అమ్మా, 'రాష్ట్రం' అన్న మాటలో ష కింద ట వత్తు వరకు తెలుస్తోంది, క్రావడి ఉందో లేదో కనపడట్లేదు" అన్నారు. కళ్లద్దాలు మార్చి మూడు నెలలే అయింది. రెండోది యాడ్స్. వార్త చదువుతుంటే పేరా మధ్యలోంచి ఊడిపడుతున్నాయి, పేజీ కిందికి జారిపోతోంది, ఎక్కడ చదువుతున్నారో మర్చిపోతున్నారు. మూడోది, స్క్రీన్ కుడిపక్క కింద "మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు ఉన్నాయి" అని పదే పదే వస్తోంది. ఆయన టెన్షన్ పడి ప్లగ్ పీకేస్తున్నారు.

ఇప్పుడున్న బ్రౌజర్ ఏదన్నది వదిలేయండి. డబ్బు కట్టే పని లేకుండా ఏది వేస్తే బాగుంటుంది? వచ్చే ఆదివారం ఊరెళ్తున్నాను, అన్నీ ఒక్క రోజులో సర్దేసి రావాలి.

పాత_కీబోర్డు · శుక్రవారం, రాత్రి 9:40

ముందు మూడోది చూద్దాం అమ్మా, ఆదివారం దాకా ఆగక్కర్లేదు. అది వైరస్ కాదు. ఎప్పుడో ఏదో సైటు "నోటిఫికేషన్స్ అలౌ చేయమంటారా" అని అడిగితే నాన్నగారు అలౌ నొక్కి ఉంటారు. ఆ సైటు ఇప్పుడు ఆ దారిలో యాడ్స్ పంపుతోంది. క్రోమ్ అయితే సెట్టింగ్స్‌లో సైట్ సెట్టింగ్స్, ఎడ్జ్ అయితే సైట్ పర్మిషన్స్, అందులో నోటిఫికేషన్స్ తెరిస్తే అలౌ చేసిన సైట్ల జాబితా ఉంటుంది. మీకు తెలియని పేర్లన్నీ తీసేయండి. ఫైర్‌ఫాక్స్‌లో అయితే ప్రైవసీ పేజీలో పర్మిషన్స్ దగ్గర "కొత్తగా ఎవరూ అడగకుండా ఆపు" అనే టిక్ ఒకటుంది. అది పెడితే ఆ ప్రశ్నే ఇక రాదు.

ఫోన్ చేసి ఆయన చేతే చేయించండి, ఐదు నిమిషాల పని. పెద్దవాళ్లు ఆ బొమ్మ చూసి ఎంత భయపడతారో నాకు తెలుసు. మా పక్కింటాయన అలాంటి దాంట్లో కనపడిన నంబర్‌కి ఫోన్ కూడా చేశారు. సమయానికి వాళ్లబ్బాయి ఇంట్లో ఉన్నాడు కాబట్టి సరిపోయింది.

నల్లరేగడి · శుక్రవారం, రాత్రి 10:25

పేర్లు చాలా వినపడతాయి గానీ లోపల పేజీని గీసి చూపించే ఇంజిన్లు మూడే. క్రోమ్, ఎడ్జ్, బ్రేవ్, ఒపేరా, వివాల్డి, మన జోహో వాళ్ల ఉలా, ఇవన్నీ క్రోమియం మీద కట్టినవి. సఫారీది వెబ్‌కిట్. ఫైర్‌ఫాక్స్‌ది గెకో. ఒపేరాకు సొంత ఇంజిన్ ఉండేది, 2013లో వదిలేసింది. మైక్రోసాఫ్ట్ కూడా తన ఇంజిన్ పక్కనపెట్టి 2020 జనవరిలో ఎడ్జ్‌ను క్రోమియం మీదికి మార్చింది.

అంచేత క్రోమ్ తీసి ఎడ్జ్ వేసినా, ఎడ్జ్ తీసి బ్రేవ్ వేసినా పేజీ కనపడే తీరులో తేడా ఉండదు. చుట్టూ ఉన్న సదుపాయాల్లోనే తేడా. వేగం విషయం కూడా అంతే. 4 జీబీలో ఏది వేసినా ఇరుకే. నేను ఇలాంటి మెషీన్లు చాలా బాగుచేశాను, బ్రౌజర్ మార్చినందుకు వచ్చిన తేడా కంటే యాడ్స్ ఆపినందుకు వచ్చిన తేడా ఎక్కువ. వార్త పది పేరాలే ఉంటుంది. దాని వెనక నడిచే యాడ్ స్క్రిప్టులు, తమంతట తాము మొదలయ్యే వీడియోలు ర్యామ్ తినేస్తాయి.

ట్యాబ్‌లు ఎక్కువ తెరిచే అలవాటుంటే క్రోమ్‌లో మెమరీ సేవర్, ఎడ్జ్‌లో స్లీపింగ్ ట్యాబ్స్ ఉన్నాయి. వాడని ట్యాబ్‌ను నిద్రపుచ్చుతాయి. ఫైర్‌ఫాక్స్ కూడా విండోస్‌లో ర్యామ్ అడుగంటితే పాత ట్యాబ్‌లను దింపేస్తుంది. వీలైతే ఓ ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ బదులు వేసే వేగమైన డిస్క్) వేయించండి, అన్నిటికంటే పెద్ద మందు అదే.

గోదారిగట్టు · శనివారం, ఉదయం 6:50

యాడ్స్ ఆపాలంటే ఇప్పుడు సూటిగా రెండే దారులు. ఫైర్‌ఫాక్స్ వేసి యూబ్లాక్ ఆరిజిన్ అనే ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రామ్) పెట్టడం, లేదా బ్రేవ్ వేయడం.

క్రోమ్‌లో ఎందుకు కాదంటే, ఎక్స్‌టెన్షన్ల నియమాలు మార్చారు. మానిఫెస్ట్ వీ3 అంటారు. పాత పద్ధతిలో పేజీ బయటికి పంపే ప్రతి అభ్యర్థననూ ఎక్స్‌టెన్షన్ స్వయంగా చూసి ఆపేది. కొత్త పద్ధతిలో ముందే ఒక జాబితా ఇచ్చేయాలి, ఆపే పని బ్రౌజర్ చూసుకుంటుంది. దాంతో యూబ్లాక్ ఆరిజిన్ పూర్తి రూపం 2025 నాటికి క్రోమ్‌లో ఆగిపోయింది. 'లైట్' అని చిన్న రూపం ఒకటుంది, అది పనిచేస్తుంది గానీ పూర్తి దానికి సాటి రాదు. ఫైర్‌ఫాక్స్ పాత పద్ధతిని కూడా ఉంచింది. ఆండ్రాయిడ్ ఫైర్‌ఫాక్స్‌లోనూ అదే యూబ్లాక్ వేసుకోవచ్చు, కాబట్టి నాన్నగారి ఫోన్ సమస్య కూడా తీరుతుంది.

అడ్డరోడ్డు · శనివారం, ఉదయం 8:15

బ్రేవ్‌ను ఒక్క మాటలో తేల్చేయకండి అన్నా. నేను నాలుగేళ్లుగా వాడుతున్నా. అందులో అడ్డుకునే పని బ్రౌజర్‌లోనే ఉంది, ఏ ఎక్స్‌టెన్షనూ వేయక్కర్లేదు. వేసిన నిమిషం నుంచే యాడ్స్ ఉండవు. పెద్దాయనకు అంతకంటే సులువు ఏముంటుంది? వాలెట్, రివార్డ్స్, వార్తలు అని మొదటి పేజీ నిండా పెడతారు, నిజమే. పది నిమిషాలు కూర్చుని అన్నీ ఆఫ్ చేస్తే తెల్ల పేజీ మిగులుతుంది.

గోదారిగట్టు · శనివారం, ఉదయం 8:32

సులువే తమ్ముడూ, కాదనను. నాకు మింగుడుపడనిది 2020 నాటి సంగతి. కొన్ని క్రిప్టో సైట్ల చిరునామా టైప్ చేస్తే బ్రేవ్ తనకు కమీషన్ తెచ్చే రిఫరల్ కోడ్ తగిలించి పూర్తిచేసేది. బయటపడ్డాక క్షమాపణ చెప్పి తీసేశారు. మనం టైప్ చేసే చోట వేలు పెట్టినవాడిని మళ్లీ నమ్మడానికి నాకు టైం పడుతుంది.

అడ్డరోడ్డు · శనివారం, ఉదయం 8:51

మరి ఫైర్‌ఫాక్స్ చేసే మొజిల్లా ఆదాయంలో సింహభాగం గూగుల్ ఇచ్చే సెర్చ్ ఒప్పందం డబ్బే కదా. 2025 ఫిబ్రవరిలో వాడుక నిబంధనలు పెట్టి, జనం గోల చేశాక మాటలు మార్చి రాశారు. ఎవరూ కడిగిన ముత్యం కాదు. బ్రేవ్ తప్పు చేసింది, దిద్దుకుంది. నేను చూసేది ఇవాళ నా స్క్రీన్ మీద ఏముంది అన్నదే.

గోదారిగట్టు · శనివారం, ఉదయం 9:05

ఈ మాట ఒప్పుకుంటాను. అయినా నేను ఫైర్‌ఫాక్స్ అనే అంటాను. అది కూడా పోతే విండోస్ మీదా ఆండ్రాయిడ్ మీదా చెప్పుకోదగ్గ రెండో ఇంజిన్ లేదు. అప్పుడు సైట్లు కట్టేవాళ్లు ఒక్క క్రోమియంలో చూసి చేతులు దులుపుకుంటారు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 రాజ్యం ఏలిన రోజులు చూసినవాళ్లం, మళ్లీ ఆ రోజులొద్దు.

పాత_కీబోర్డు · శనివారం, ఉదయం 11:20

ఆ రోజుల్లో తెలుగు ఎలా చదివేవాళ్లమో ఇప్పటివాళ్లకు తెలియదు, రెండు మాటలు చెప్పనివ్వండి. ఒక్కో దినపత్రికకు ఒక్కో సొంత ఫాంట్. అందులో 'క' ఉండాల్సిన చోట ఇంగ్లిష్ అక్షరం ఏదో ఉండేది, పైకి మాత్రం తెలుగు బొమ్మ వేసేవారు. ఆ ఫాంటును దానంతటదే దింపుకునే ఏర్పాటు ఎక్స్‌ప్లోరర్‌కే ఉండేది. వేరే బ్రౌజర్‌లో తెరిస్తే పిచ్చి గీతలు. ఒక వార్త కాపీ చేసి ఎవరికైనా మెయిల్ పెడితే అవతల చదవలేరు. వెతికినా దొరకదు.

2004 నవంబర్‌లో ఫైర్‌ఫాక్స్ 1.0 వచ్చింది. తర్వాత ఒకటి రెండేళ్లలో దానికి 'పద్మ' అనే ఎక్స్‌టెన్షన్ దొరికింది. పేజీ తెరవగానే ఆ సొంత ఫాంట్ల గీతలన్నిటినీ ఎక్కడైనా చదవగలిగే యూనికోడ్ తెలుగులోకి మార్చేసేది. మొదటిసారి ఒక సంపాదకీయం అలా మారగా చూసి, అందులోంచి ఒక పేరా కాపీ చేసి మా అన్నయ్యకు అమెరికాకు పంపాను. "అక్షరాలు కనపడుతున్నాయిరా" అని అర్ధరాత్రి ఫోన్ చేశాడు. ఎక్స్‌టెన్షన్ అంటే యాడ్స్ ఆపడానికే అనుకోకండి. పెద్ద సంస్థలు పట్టించుకోని మన భాష పని ఎవరో ఒకరు కూర్చుని చేసి పెట్టగలిగారంటే, బ్రౌజర్ ఆ తలుపు తెరిచి ఉంచింది కాబట్టే.

మిరపచేను · శనివారం, మధ్యాహ్నం 12:10

బాబాయ్, మీరు పద్మ అంటే నాకు ఒపేరా మినీ గుర్తొచ్చింది. బటన్ల నోకియా ఫోన్‌లో తెలుగు సైటు తెరిస్తే అన్నీ డబ్బాలే. అడ్రస్ బార్‌లో కాన్ఫిగ్ పేజీ పేరు కొట్టి, అట్టడుగున "కాంప్లెక్స్ స్క్రిప్టులకు బిట్‌మ్యాప్ ఫాంట్లు వాడు" అన్న దాన్ని ఎస్ చేస్తే తెలుగు వచ్చేది. అక్షరాలను వాళ్ల సర్వర్లోనే బొమ్మలుగా చేసి పంపేవాళ్లు. హాస్టల్‌లో ఒకడికి తెలిస్తే గంటలో ఫ్లోరంతా అదే సెట్టింగ్.

సన్నజాజి · శనివారం, మధ్యాహ్నం 3:30

తంగేడుపూలు గారూ, మీ మొదటి బాధ మీద ఎవరూ మాట్లాడలేదు. నేను డీటీపీ పని చేస్తాను, తెలుగు ఫాంట్లే నా లోకం. మీ నాన్నగారి కళ్లద్దాల తప్పేమీ లేదు. ఇంగ్లిష్ అక్షరానికి 14 పిక్సెళ్లు చాలు, తెలుగుకు చాలవు. అదే ఎత్తులో తలకట్టు, గుడి, అక్షరం, ట వత్తు, క్రావడి అన్నీ ఇమడాలి. సైట్లు కట్టేవాళ్లు ఇంగ్లిష్ కొలతే పెట్టి వదిలేస్తారు.

ఇక్కడ ఫైర్‌ఫాక్స్‌లో వేరేవాటిలో లేని సదుపాయం ఉంది. సెట్టింగ్స్‌లో ఫాంట్స్ దగ్గర అడ్వాన్స్‌డ్ నొక్కితే పైన "ఫాంట్స్ ఫర్" అని లిపుల జాబితా వస్తుంది. అందులో తెలుగు ఎంచుకుని, తెలుగుకు మాత్రమే ఏ ఫాంట్, ఎంత సైజు, ఎంతకంటే తగ్గకూడదు అన్నవి విడిగా పెట్టుకోవచ్చు. క్రోమ్, ఎడ్జ్‌లలో కూడా కనీస సైజు ఉంది కానీ అన్ని భాషలకూ కలిపి ఒకటే. తెలుగు కోసం పెంచితే ఇంగ్లిష్ సైట్లు కూడా ఉబ్బిపోతాయి.

ఫాంట్ విషయం. విండోస్ 10 మామూలుగా చూపించేది నిర్మల. ఫర్వాలేదు గానీ గీతలు సన్నం. గూగుల్ ఫాంట్స్ నుంచి మండలి గానీ నోటో సాన్స్ తెలుగు గానీ ఉచితంగా దింపి వేయండి. రోజంతా చదవడానికి నేను మండలి పెడతాను, వత్తులు విడివిడిగా నిలబడతాయి.

నల్లరేగడి · శనివారం, సాయంత్రం 4:05

సన్నజాజి గారు చెప్పినదానికి చిన్న సవరణ. ఆ తెలుగు సెట్టింగ్ పనిచేయాలంటే పేజీ తన కోడ్‌లో "నేను తెలుగు పేజీని" అని చెప్పుకోవాలి. మన సైట్లు చాలావాటిలో ఆ చోట ఇంగ్లిష్ అని ఉంటుంది, లేదా ఏమీ ఉండదు. అందుకని అదే జాబితాలో లాటిన్‌కు, "అదర్ రైటింగ్ సిస్టమ్స్"కు కూడా కనీస సైజు కాస్త పెంచండి. తెలుగు వికీపీడియా మాత్రం సరిగ్గానే చెప్పుకుంటుంది.

అప్పటికీ ఏదైనా సైటు మొండికేస్తే ఫైర్‌ఫాక్స్ వ్యూ మెనూలో జూమ్ దగ్గర "జూమ్ టెక్స్ట్ ఓన్లీ" ఉంది. బొమ్మలు కదలవు, అక్షరాలే పెరుగుతాయి. ఆ మెనూ కనపడకపోతే ఆల్ట్ నొక్కండి.

సన్నజాజి · శనివారం, సాయంత్రం 4:18

మంచి సవరణ అండీ. నా కస్టమర్ల సైట్లలో ఈ తప్పు ఎన్నింట్లో ఉందో రేపే చూస్తాను.

కథలబుట్ట · శనివారం, రాత్రి 7:45

అందరూ యాడ్స్ ఆపండి ఆపండి అంటున్నారు, నా మాట కూడా వినండి. నేను చిన్న తెలుగు కథల సైటు నడుపుతాను. సర్వర్ ఖర్చు యాడ్స్ మీదే వెళ్లాలి. కథ చివర ఒక్క యాడ్ పెడతాను, మధ్యలో పెట్టను, వీడియోలు అసలే పెట్టను. బ్లాకర్ ఉన్నవాళ్లు చదివితే నాకు పైసా రాదు. ఊడిపడే యాడ్స్ నాకూ అసహ్యమే. కానీ ఆ సైట్లు చేసిన పాపానికి మా లాంటివాళ్లం కూడా మునుగుతున్నాం. యూబ్లాక్ బొమ్మ నొక్కితే పెద్ద పవర్ బటన్ వస్తుంది. నచ్చిన సైటులో ఒక్కసారి అది నొక్కితే ఆ సైటుకు మినహాయింపు. దయచేసి నాలుగు సైట్లకైనా అది చేయండి.

తంగేడుపూలు · శనివారం, రాత్రి 8:20

తప్పకుండా చేస్తానండీ. నాన్న చదివే చిన్న పత్రికలు రెండున్నాయి, వాటికి ముందే నొక్కి పెడతాను. ఇన్ని వివరాలు ఇచ్చినందుకు అందరికీ కృతజ్ఞతలు. నోటిఫికేషన్లు ఇవాళ ఫోన్‌లోనే తీయించాను. జాబితాలో పదకొండు సైట్లు ఉన్నాయట, ఒక్కటీ ఆయనకు తెలియదు!

ఇంకో రెండు ప్రశ్నలు. సాయంత్రాలు కళ్లు అలిసిపోతే పేజీని చదివి వినిపించేది ఏదైనా ఉందా? పెన్షన్ సైటు సంగతేంటి? అందులో స్లిప్ నొక్కితే ఒక్కోసారి ఏమీ రాదు.

మిరపచేను · శనివారం, రాత్రి 9:02

వినడానికి ఎడ్జ్ అక్కా, ఇంకో మాట లేదు. కంట్రోల్ షిఫ్ట్ యూ నొక్కితే "రీడ్ అలౌడ్" వస్తుంది. గొంతుల జాబితాలో తెలుగు కింద మోహన్, శ్రుతి అని రెండున్నాయి. యంత్రం చదువుతున్నట్టు ఉండదు, వాక్యం చివర ఆగడం కూడా తెలుస్తుంది. నెట్ ఉండాలి. మా తాతయ్యకు నేను శ్రుతి గొంతు పెట్టి, వేగం ఒక మెట్టు తగ్గించాను. వత్తి పలకాల్సిన చోట వత్తుతుందని మెచ్చుకున్నాడు. ఫైర్‌ఫాక్స్ రీడర్ వ్యూలోనూ వినిపించే బటన్ ఉంది కానీ అది కంప్యూటర్లో ఉన్న గొంతు మీద ఆధారపడుతుంది, తెలుగు గొంతు లేకపోతే పనికిరాదు.

ఎడ్జ్ ఎలాగూ విండోస్‌తో వచ్చేసింది కదా, కొత్తగా వేయక్కర్లేదు.

పాత_కీబోర్డు · శనివారం, రాత్రి 9:30

పెన్షన్ సైటు ఎడ్జ్‌లోనే ఉంచండి, అందులో యాడ్ బ్లాకర్ వేయకండి. ఇలాంటి సైట్లలో స్లిప్ కొత్త విండోలో తెరుచుకుంటుంది, బ్రౌజర్ దాన్ని పాపప్ అనుకుని ఆపేస్తుంది. అడ్రస్ బార్ చివర చిన్న గుర్తు వస్తుంది, అది నొక్కి ఆ ఒక్క సైటుకు పాపప్ అలౌ చేయండి. పాత ఎక్స్‌ప్లోరర్ కోసమే కట్టిన ప్రభుత్వ సైటు ఏదైనా తగిలితే దాన్ని ఎక్స్‌ప్లోరర్‌లా తెరవడానికి ఎడ్జ్‌లో ఐఈ మోడ్ ఉంది, కనీసం 2029 దాకా ఉంచుతామని మైక్రోసాఫ్ట్ చెప్పింది.

విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి, ఆ సంగతి మర్చిపోకండి. బ్రౌజర్లకు మాత్రం ఇంకా వస్తున్నాయి.

సముద్రంఅవతల · ఆదివారం, ఉదయం 5:10

డల్లాస్ నుంచి ఒక చిన్న ప్రశ్న. మా అమ్మ ఐఫోన్ వాడుతుంది. అందులో ఫైర్‌ఫాక్స్ వేస్తే ఇవన్నీ వస్తాయా?

నల్లరేగడి · ఆదివారం, ఉదయం 9:15

రావండీ. ఐఫోన్‌లో పేరు ఏదైనా లోపల వెబ్‌కిట్టే, ఐరోపా సమాఖ్యలో 2024 నుంచి, ఈమధ్య జపాన్‌లోనూ మినహాయింపు ఉంది. యాడ్స్ కోసం సఫారీకి యూబ్లాక్ ఆరిజిన్ లైట్ వచ్చింది, అది వేయండి.

ఒకే సాఫ్ట్‌వేర్ మీద అందరూ ఆధారపడితే ఏమవుతుందో మన అక్షరమే చూపించింది. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా'లో కనపడని ఒక గుర్తు కలిసి వస్తే ఐఓఎస్ 11లో యాప్‌లు కుప్పకూలేవి. ఫోన్ మొత్తం అక్షరాలు గీసే భాగం ఒకటే కాబట్టి, ఏ యాప్‌లో తెరిచినా అదే గతి. 11.2.6 అప్‌డేట్‌తో సరిచేశారు. ప్రపంచమంతా తెలుగు అక్షరం గురించి మాట్లాడుకున్న వారం అది.

తంగేడుపూలు · తర్వాతి సోమవారం, రాత్రి 10:05

ఊరెళ్లి వచ్చాను. ఫైర్‌ఫాక్స్ వేశాను, యూబ్లాక్ పెట్టాను, మండలి ఫాంట్ దింపి తెలుగుకు కనీస సైజు 20, మిగతా రెండింటికి 17 పెట్టాను. ఎడ్జ్‌ను పెన్షన్‌కు, వినడానికి ఉంచాను. రెండూ కలవకుండా డెస్క్‌టాప్ మీద ఒకదాని పేరు 'చదువు' అని, ఇంకోదాని పేరు 'పెన్షన్' అని మార్చాను. ఎస్ఎస్‌డీ వచ్చే నెల వేయిస్తాను. అడ్డరోడ్డు గారూ, బ్రేవ్ నా ల్యాప్‌టాప్‌లో వేసి చూస్తున్నాను, మీరన్నట్టే వేసిన వెంటనే యాడ్స్ పోయాయి.

ముందుగా 'రాష్ట్రం' ఉన్న పేజీనే తెరిచి చూపించాను. నాన్న కుర్చీ వెనక్కి జరుపుకుని, రెండడుగుల దూరం నుంచి, "క్రావడి ఉందమ్మా" అన్నారు.

ఇంకో సంగతి. మెనూలు కూడా తెలుగులో ఉంటాయని చెప్పి భాష మార్చి ఇచ్చాను. సాయంత్రానికల్లా నోట్‌బుక్ తీసి, మెనూల్లో తెలుగు సరిగా లేదనిపించిన మాటలు రాసుకున్నారు. పక్కన తను ఏమనాలనుకుంటున్నారో కూడా. రెండు పేజీలు నిండింది. ఇది ఎవరికి పంపాలని ఇవాళ మూడుసార్లు ఫోన్ చేశారు. ఎవరికి పంపాలండీ?

గోదారిగట్టు · తర్వాతి సోమవారం, రాత్రి 10:21

ఎవరికీ పంపక్కర్లేదమ్మా, ఆయనే దిద్దవచ్చు. ఫైర్‌ఫాక్స్ తెలుగు చేసింది మనలాంటి వాలంటీర్లే. మొజిల్లా వాళ్ల 'పాంటూన్' అనే సైటు ఉంది. అందులో ఖాతా తెరిచి, భాషల్లో తెలుగు ఎంచుకుంటే ప్రతి మాటా ఇంగ్లిష్ పక్కన తెలుగుతో కనపడుతుంది. అక్కడ తన సూచన రాస్తే, అనుమతి ఉన్నవాళ్లు చూసి ఆమోదిస్తారు. ఖాతా మీరు తెరిచి ఇవ్వండి, మిగతాది నాకు వదిలేయండి. వచ్చే శనివారం సాయంత్రం ఆరు గంటలకు ఆయన నోట్‌బుక్ పట్టుకుని కాల్‌లో కూర్చుంటే, మొదటి పది మాటలు నేను పక్కనుండి చేయిస్తాను.